మూడో నిమిషం, పన్నెండో సెకను

తప్పులు పట్టడం నా ఉద్యోగం. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇరవై ఏళ్లుగా టెస్టింగ్ చేస్తున్నాను. ఎవరో రాసిన ప్రోగ్రాం ఎక్కడ చెడుతుందో వెతకడం, దానికో నంబరివ్వడం, తీవ్రత ఎంతో రాయడం, షీటులోకి ఎక్కించడం, అంతే. సరిచేయడం ఇంకొకరి తలనొప్పి. మా ఇంట్లో పప్పు ఎలా ఉందని నన్నెవరూ అడగరు. అడిగితే చెబుతానని వాళ్ల భయం.

అలాంటి దాన్ని నాలుగేళ్ల కిందట ఒక గాయక బృందంలో చేరాను. కారణం మా ఆఫీసు లిఫ్టులో ఎవరో అతికించిన కాగితం. "పాడాలని ఉన్నవాళ్లు రండి, సంగీతం రాకపోయినా పర్వాలేదు" అని ఉంది అందులో. పర్వాలేదన్న మాటను నేనెప్పుడూ నమ్మను. ఎంతవరకు పర్వాలేదో చూసొద్దామని వెళ్లి, అక్కడే ఉండిపోయాను.

మేం ప్రాక్టీసు చేసేది కొత్తగూడ చౌరస్తా దగ్గర ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో. శనివారం సాయంత్రం నాలుగింటికల్లా టేబుల్ టెన్నిస్ బల్ల మడిచి గోడకు జరిపి, ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుంటాం. యాభై మంది దాకా ఉంటాం. ఎక్కువమంది ఐటీ వాళ్లే గానీ ఒక పళ్ల డాక్టరు, ఒక డ్రైవింగ్ స్కూలాయన, బాచుపల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చే కాలేజీ లెక్చరరు కూడా ఉన్నారు. వారమంతా మీటింగుల్లో మైకు ఆపుకుని కూర్చునే జనం శనివారం ఒక్కసారిగా నోళ్లు తెరుస్తారు. బయట ఫ్లైఓవర్ మీద హారన్లు మోగుతూనే ఉంటాయి. మొదట్లో కిటికీలు మూయమని గొడవ చేసేదాన్ని. తర్వాత మేమే వాటికంటే గట్టిగా పాడటం నేర్చుకున్నాం.

మా సారుది భీమవరం వైపు. చిన్నప్పుడు చర్చిలో పాడి నేర్చుకుని, తర్వాత పెద్ద చదువు చదివి, ఇప్పుడు ఇక్కడ ఒక బళ్లో సంగీతం చెబుతున్నారు. ఏడాదికి రెండుసార్లు వయొలిన్లు, బాకాలు, పెద్ద డోళ్లు ఉన్న వాద్యబృందాన్ని పోగుచేసి, దాంతో కలిపి మా చేత కచేరీ చేయిస్తారు. మొదటి రోజు ఆయన మాకు చెప్పిన పాఠం ఇంతే.

"నాలుగంతస్తుల ఇల్లు అనుకోండి. పై అంతస్తులో సన్నటి గొంతు ఆడవాళ్లు, వాళ్లు సొప్రానోలు. దాని కింద ఆల్టోలు, వాళ్లూ ఆడవాళ్లే, గొంతు కాస్త దిగువ. దాని కింద మగవాళ్లు, టెనర్లు. అందరికంటే కింద బేస్. ఎవరి అంతస్తులో వాళ్లుండాలండి. పక్కవాళ్లది బాగుంది కదా అని మెట్లెక్కి వెళ్లిపోకూడదు."

వినడానికి తేలికే. కానీ మనకు కలిసి పాడటమంటే అందరూ ఒకటే పాడటం. పక్కవాళ్లు వేరే స్వరం ఎత్తుకోగానే మన గొంతు సిగ్గూ ఎగ్గూ లేకుండా వాళ్ల వెంట పోతుంది. మా అంతస్తులో మేం నిలవడానికి ఒక ఏడాది పట్టింది. ఎవరికీ అర్థం కాని లాటిన్ పాటల్ని తెలుగు లిపిలో రాసుకుని బట్టీ పట్టాం. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నవాళ్లే ఎక్కువ తడబడ్డారు. ఆ సంగతీ నేనే కనిపెట్టి చెప్పాను.

ఆ లాటిన్ పాటల్లో ఒకదాని చివర పన్నెండు లెక్కలు లాగాల్సిన స్వరం ఒకటుంది. అంతసేపు ఒక్క ఊపిరిలో లాగడం ఎవరివల్లా కాదు, లాగనవసరమూ లేదు. పక్కమనిషి ఊపిరి పీల్చేటప్పుడు మనం పాడాలి, వాళ్లు పాడేటప్పుడు మనం చప్పుడు లేకుండా పీల్చాలి. వినేవాళ్లకు స్వరం తెగినట్టే తెలియదు. సారు దీన్ని నెలకొకసారి గుర్తుచేస్తారు. అందరూ వింటారు. నేను మాత్రం పీల్చేదాన్ని కాదు. పన్నెండు లెక్కలూ ఒక్క ఊపిరిలో ఈడ్చుకొచ్చేదాన్ని. మాది అనంతపురం జిల్లా, ఉన్నదాంతోనే ఆఖరిదాకా లాగడం మాకు అలవాటని పక్కవాళ్లతో గొప్పలు చెప్పుకునేదాన్ని.

సొప్రానోలం రెండు వరుసల్లో నిలబడేవాళ్లం. నాది రెండో వరుస. సరిగ్గా నా ముందు, మొదటి వరుసలో, పెద్దమ్మ.

నాకు ఆవిడ చుట్టం కాదు. డెబ్బై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవలేక పెద్దమ్మా అన్నాను, అది బృందమంతటికీ అంటుకుంది. ఆవిడది నార్సింగి, అది ఊరుగా ఉన్నప్పటి నార్సింగి. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరయింది. మా ఇల్లు అటువైపే కాబట్టి ప్రతి శనివారం ఆవిడను కారులో ఎక్కించుకుని వచ్చేదాన్ని. ముందు సీట్లో స్టీలు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. డబ్బాలో సర్వపిండి ముక్కలు. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో నేను ఆటోవాళ్లను తిడుతుంటే, తిట్టు మధ్యలో ఒక ముక్క నా నోట్లో పెట్టేది. నోరు నిండితే తిట్లు రావు.

ఒకసారి అడిగాను, ఈ వయసులో ఇంత దూరం ఏంటికి పెద్దమ్మా అని.

"ముప్పై ఆరేండ్లు దవాఖానల జేసిన బిడ్డా. గట్టిగ మాట్లాడకుండ్రి, గట్టిగ ఏడ్వకుండ్రి అని పొద్దుగాల లేస్తే గదే నా పని. ఇంటికొస్తే అత్త, మామ, పిల్లలు పండుకున్నరని మల్ల నేనే చప్పుడు జేయకుంట ఉండేదాన్ని. నేను మంచిగ నోరు తెరిచి పాడే జాగ ఇదొక్కటే. ఇది గిట్ల పోయిందనుకో, ఇగ నాకేముంది?"

సర్వపిండి నములుతూ గేరు మార్చాను.

పోతుందేమోనన్న ఆవిడ భయం ఉత్తది కాదు. మా బృందంలో ఏటా వానలు మొదలయ్యాక గొంతు పరీక్ష ఉంటుంది. ఎంత పాతవాళ్లయినా సారు ముందు ఒంటరిగా పాడాలి. స్వరం నిలవని వాళ్లకు ఒక ఏడాది విశ్రాంతి. సారు ఆ మాటను చాలా మర్యాదగా చెబుతారు. కానీ అలా విశ్రాంతికి వెళ్లిన ఇద్దరు పెద్దవాళ్లు మళ్లీ రాలేదు.

పోయిన ఎండాకాలం ముందు జరిగిన కచేరీతో నా పాపం మొదలయింది. గచ్చిబౌలిలో హాలు నిండింది, వాద్యబృందం అదరగొట్టింది, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ వారమే సారు నన్ను పక్కకు పిలిచి, వానాకాలం కచేరీలో నాలుగు చరణాలు మీరొక్కరే పాడాలండి అన్నారు. రెండు రోజులు నా కాళ్లు నేల మీద లేవు. ఇంట్లో పప్పు బాగుందని కూడా అన్నాను. మా ఆయన కంగారుపడి నుదురు పట్టి చూశాడు.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? కచేరీ రోజే మొత్తం ఫోనులో రికార్డు చేసి ఉంచాను. ఫోనుని నా పాటల ఫైలుకు క్లిప్పుతో బిగించుకున్నాను. ఆదివారం చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుని, వింటూ ఒక్కో తప్పూ షీటులో రాశాను. నంబరు, పాట, నిమిషం, సెకను, ఏ అంతస్తు, తీవ్రత. మొత్తం ఇరవై మూడు తేలాయి. పుణ్యం కట్టుకున్నట్టుగా దాన్ని బృందం వాట్సాప్ గ్రూపులో పెట్టాను.

వేరే ఊళ్లో అయితే నన్ను వెలేసేవాళ్లు. ఇది సైబరాబాద్. సాయంత్రానికి అందరూ షీటు తెరిచి ఆఫీసులో రాసినట్టే జవాబులు రాశారు. నాలుగో నంబరు మా దగ్గర మళ్లీ రావడం లేదని ఆల్టోలు. తొమ్మిదోది వయొలిన్ల వల్ల వచ్చింది, మాకు సంబంధం లేదని టెనర్లు. బేస్ వాళ్లకు రాసిన ఆరింటికీ ఒకటే జవాబు: "ఇది తప్పు కాదు. డిజైనే అంత."

పదిహేడో నంబరు దగ్గర మాత్రం ఎవరూ ఏమీ రాయలేదు. లాటిన్ పాట, మూడో నిమిషం, పన్నెండో సెకను. సొప్రానోల పొడుగు స్వరంలో ఒక గొంతు ఏడో లెక్క నుంచి మెల్లగా కిందికి జారుతోంది. తీవ్రత ఎక్కువ. దాని పక్కన నేను రాసిన మాట ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "వయసు మీద పడ్డ గొంతులా ఉంది."

సారు గ్రూపులో రాశారు. "పదిహేడు ఎవరిదో వారే చెబితే బాగుంటుందండి. పరీక్షకు ముందే సాయం చేయవచ్చు."

శనివారం పెద్దమ్మ కారెక్కింది. డబ్బా మూత తీయలేదు. కోకాపేట మలుపు తిరిగాక నోరు విప్పింది.

"పదిహేడో నంబరు నాదే బిడ్డా" అంది.

నా కాలు ఒక్కసారిగా బ్రేకు మీద పడింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు. నేను తిట్టలేదు. మొదటి వరుసలో నా ముందు నిలబడే మనిషి, వయసు మీద పడ్డ మనిషి, ఇంకెవరిదై ఉంటుంది? రాసేటప్పుడు ఒక్క క్షణం ఆగి ఉంటే నాకే తట్టేది. తప్పు ఎక్కడుందో చూశాను గానీ అది ఎవరి నోట్లో ఉందో చూడలేదు. సిగ్గుతో చెవులు కాలాయి.

"షీటులో ఆ వరుస తీసేస్తా పెద్దమ్మా. ఇప్పుడే తీసేస్తా."

"తీస్తే గొంతు మంచిగైతదా? ఫికర్ జేయకు. పైకి అందుతలేదన్నది నాకు ఎప్పటికెల్లో ఎరుకే."

ప్రాక్టీసులో ఆవిడే లేచి నిలబడి అందరి ముందూ చెప్పింది. సారు తల పంకించి, పరీక్షలో చూద్దాం, కంగారు పడకండి అన్నారు. ఆ కంగారంతా నేనే పడ్డాను. ఆ పాడు షీటు మూలంగా ఆవిడ నోరు తెరిచే ఒక్క చోటూ పోతే నా మొహం నేను చూసుకోలేను. ఎండాకాలమంతా నేను ఎవరి తప్పూ పట్టలేదు. ఆఫీసులో కూడా నాకేమయిందని అడిగారు.

బడులు తెరిచారు. ఏటా మేం ఒక సర్కారు బడిని ఎంచుకుని, నాలుగు శనివారాలు పొద్దున వెళ్లి పిల్లలకు నేర్పి, వాళ్లను మా కచేరీలో ఒక పాటకు ఎక్కిస్తాం. ఈసారి నార్సింగి బడి. పెద్దమ్మ చదివిన బడే అది, అప్పుడు రెండు గదులేనట. గేటు దగ్గర ఆవిడ మాకంటే ముందు వచ్చి నిలబడింది.

సారు వాన మీద ఒక పాట కట్టారు. "మబ్బు మోసిన బరువంతా మా బడి మీదే దించిందీ" అని మొదలవుతుంది. ఆడపిల్లలకు ఒక వరస, మగపిల్లలకు ఇంకో వరస. విడివిడిగా పాడితే రెండూ చక్కగా వచ్చాయి. కలిపి పాడించగానే మూడో మాటకల్లా అందరూ ఒకే వరసలోకి వచ్చేశారు. మళ్లీ పాడించారు. మళ్లీ అంతే. సారు చెమట తుడుచుకుంటూ ఎందుకిలా అని అడిగితే, ముందు వరుసలో రెండు జడల అమ్మాయి చెయ్యెత్తింది.

"వాళ్లు తప్పు పాడుతుండ్రు సార్. అందుకే మేం పోయి సరిజేసినం."

ఆ పిల్లను అక్కడికక్కడే మా కంపెనీలో చేర్చుకోవాలనిపించింది.

ఇక మాటలతో లాభం లేదని సారు ఒక చిట్కా చెప్పారు. కుడిచేతి వేలితో కుడిచెవి మూసుకోండి, అప్పుడు ఎవరి గొంతు వాళ్లకే వినిపిస్తుంది, పక్కవాళ్లు లాగలేరు. పిల్లలకు అది బాగా నచ్చింది. ఒక చెవి ఏం సరిపోతుందని రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని పాడారు. అబ్బ, రెండు వరసలూ విడిగా నిలబడ్డాయి! మొదటిసారి ఆ గదిలో ఒకే పాట రెండు అంతస్తులు లేచింది. తెలుగు పంతులు వరండాలో నడుస్తూ ఆగిపోయారు. నాకు ఒళ్లు జలదరించింది, అది చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

మూడో శనివారం మేం నాలుగంతస్తులూ పాడి పిల్లలకు వినిపించాలి. తీరా చూస్తే టెనర్లు లేరు. మాకున్నదే ముగ్గురు టెనర్లు, ముగ్గురూ ఒకే ఆఫీసు, ఒకే ప్రాజెక్టు. ఆ శనివారమే వాళ్ల కొత్త సాఫ్ట్‌వేర్ విడుదల. ఒక అంతస్తు లేకుండా ఇల్లెలా నిలబడుతుంది? సారు మొహం వాడిపోయింది. పిల్లలు బాసింపట్లు వేసుకుని ఎదురుచూస్తున్నారు.

"నేను పాడనా సార్?" అంది పెద్దమ్మ. "నాలుగేండ్ల సంది ఎనక నుంచి ఇంటనే ఉన్న. నోటికొచ్చింది."

సారు ఏమీ అనకముందే ఆవిడ టెనర్లు నిలబడే చోటికి, మూడో వరుసలోకి వెళ్లిపోయింది. మేం ఎత్తుకున్నాం. నా వెనక నుంచి ఒక గొంతు లేచింది. సన్నం కాదు, బొంగురు కాదు, మంచి వెడల్పయిన గొంతు. అది కింద నుంచి మమ్మల్ని మోస్తున్నట్టుంది. మొదటి వరుసలో నాలుగేళ్లు మునివేళ్ల మీద నిలబడి అందుకోవాలని చూసిన మనిషి, ఇప్పుడు రెండు పాదాలూ నేల మీద ఆనించి పాడుతోంది. చెయ్యి ఊపుతున్న సారు కళ్లు ఆవిడ మీదే ఉన్నాయి.

పాటయ్యాక రెండు జడల పిల్ల మళ్లీ చెయ్యెత్తింది. తప్పు పట్టకుండా ఉండలేదు కదా.

"అవ్వా, నువ్వు మగోళ్ల పాట ఎందుకు పాడుతున్నవ్?"

"మగోళ్లంత ఆఫీసుల ఉన్నరు బిడ్డా. ఎవరో ఒగరు పాడాలె గద."

గదంతా నవ్వింది. నేను నవ్వలేదు. నా బుర్రలో ఒక ఆశ పుట్టింది, దాన్ని కదిలించడానికే భయమేసింది.

గొంతు పరీక్ష క్లబ్‌హౌస్ పక్కన ఉన్న చిన్న గదిలో పెట్టారు. పెద్దమ్మ లోపలికి వెళ్లగానే మేం సొప్రానోలం సిగ్గు విడిచి తలుపుకు చెవులు ఆనించాం. సారు కీబోర్డు మీద ఒక్కో మెట్టూ పైకి తీసుకెళ్లారు. ఒకచోట ఆవిడ గొంతు విరిగింది. మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ విరిగింది. పక్కనున్న పళ్ల డాక్టరమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత కీబోర్డు కిందికి దిగడం మొదలుపెట్టింది. ఒక మెట్టు, ఇంకో మెట్టు, ఇంకోటి. ఆవిడ దిగుతూనే ఉంది. ఆల్టోల అంతస్తు దాటింది. ఇంకా దిగింది.

తలుపు తెరుచుకుంది. పెద్దమ్మ మా వరుసను చూసి, చెవులు తలుపుకు అంటుకుపోయినయా ఏంది అంది. ఎవరం నవ్వలేదు.

"కిందికి దింపిండు సారు" అంది.

డాక్టరమ్మ నా చెయ్యి వదిలేసింది.

"టెనర్ల కాడికి."

మేం పెట్టిన కేకకు ఫ్లైఓవర్ మీద హారన్లు వినబడలేదు. టెనర్లు ముగ్గురూ పరిగెత్తుకొచ్చి ఆవిడకు దండం పెట్టారు. విడుదల రోజు ఇక నిశ్చింతగా ఉండొచ్చని వాళ్ల ఆనందం.

తర్వాత కొత్త సమస్య వచ్చిపడింది. కచేరీకి ఆడవాళ్లం మెరూన్ చీరలు కట్టుకోవాలి, మగవాళ్లు నల్ల కుర్తాలు వేసుకోవాలి. మరి ఆడ టెనరు? గ్రూపులో రెండు రోజులు చర్చ జరిగింది. పెద్దమ్మ ఎవరినీ అడగకుండా కొత్తగూడలో ఒక నల్ల చీర కొనుక్కొచ్చింది. రంగు మగోళ్లది, బట్ట నాది అంది. ఇంట్లో కోడలు నల్లచీరేంటత్తమ్మా అని మొత్తుకుందట. కట్టుకున్నాక మాత్రం నాలుగు ఫోటోలు తీసి అందరికీ పంపిందట.

వానాకాలం కచేరీ రోజు నార్సింగి పిల్లలు రెండు బస్సుల్లో వచ్చారు. వాళ్ల అమ్మానాన్నలు ముందు వరుసల్లో కూర్చున్నారు. కొందరు పనిలోంచి నేరుగా వచ్చారు. హాలు దీపాలు, అంత పెద్ద వాద్యబృందం చూసి పిల్లలు బిగుసుకుపోయారు. సారు చెయ్యెత్తారు. అంతే, అరవై మంది పిల్లలూ ఒక్కసారిగా రెండు చెవుల్లోనూ వేళ్లు దోపుకుని కళ్లు మూసుకున్నారు. ప్రాక్టీసుకే పరిమితం, స్టేజీ మీద వద్దు అని చెప్పడం మాలో ఒక్కరికీ తట్టలేదు. యాభై మందిమి, ఏడాదంతా ప్రతి చిన్న విషయానికీ షీటులు పెట్టేవాళ్లం!

జనంలో నవ్వు మొదలయింది. నవ్వు పిల్లలకు వినపడితేగా. చెవులు మూసుకుని, మబ్బు బరువంతా దించుతూ, రెండు వరసలూ ఒకదాని మీదొకటి పడకుండా ఆఖరుదాకా పాడేశారు. నవ్వు ఎక్కడ ఆగిందో నాకు తెలియలేదు. కళ్లు మూసుకున్న పిల్లలకు సారు చెయ్యి కనబడదు కాబట్టి ఆయన ఊపడం మానేసి చేతులు కట్టుకుని వింటూ నిలబడ్డారు. పాటయ్యాక పిల్లలు కళ్లు తెరిచి, వేళ్లు తీసేసరికి చప్పట్లు ఒక్కసారిగా చెవుల్లో పడి అదిరిపోయారు. రెండు జడల పిల్ల అయితే వెనక్కి ఒక అడుగు వేసింది. నేను అంత సంతోషంగా ఎప్పుడు ఏడ్చానో గుర్తులేదు.

తర్వాత నా నాలుగు చరణాలూ పాడాను. బాగానే వచ్చాయి. చివర మళ్లీ ఆ లాటిన్ పాట పాడాం. పోయినసారి పదిహేడో నంబరు వల్ల సారు దాన్ని వదల్లేదు. మెరూన్ చీరల వెనక మూడో వరుసలో, నల్ల కుర్తాల మధ్య నల్లచీరతో పెద్దమ్మ నిలబడి పాడింది. ఫోను మామూలుగానే నా ఫైలుకు బిగించి ఉంది.

ఆదివారం పొద్దున హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. తప్పులు పట్టడానికి కాదు, ఒట్టు. పిల్లల పాట మళ్లీ వినాలని. విన్నాను, నవ్వాను. నా చరణాలు నేనే వినడానికి మొహమాటపడి దాటించేస్తే రికార్డు లాటిన్ పాటలోకి వచ్చింది. మూడో నిమిషం. పదకొండో సెకను.

గొంతు జారింది.

అదే చోట, అదే గొంతు, ఏడో లెక్క నుంచి మెల్లగా కిందికి. ఒక సెకను ముందే. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. పెద్దమ్మ ఇప్పుడు ఆ స్వరమే పాడదు, ఆవిడ రెండంతస్తుల కింద ఉంది. మరి ఈ వయసు మీద పడ్డ గొంతు ఎవరిది? సొప్రానోలను ఒక్కొక్కరినీ తలుచుకున్నాను. ఎవరిదీ కాదు. రికార్డును ఇంకా వెనక్కి తిప్పబోతే, వేలు జారి నా నాలుగు చరణాల మీద ఆగింది. నేనొక్కదాన్నే పాడినవి, ఇంకెవరి గొంతూ కలవనివి.

అదే గొంతు.

మన గొంతు బయటి నుంచి వింటే మనమే గుర్తుపట్టలేం. ఫోను ఉన్నది నా నోటికి జానెడు దూరంలో. పోయినసారీ అంతే. నేను లెక్కపెట్టిన ఆ ఇరవై మూడింటిలో ఇంకెన్ని నావో దేవుడికే తెలియాలి.

శనివారం పెద్దమ్మ కారెక్కి సీటు బెల్టు పెట్టుకుంటుంటే, ఏమీ చెప్పకుండా ఆ ముక్క వినిపించాను. ఆవిడ తల ఊపింది.

"ఇప్పుడు ఎరుకైందా?"

"నీకు ముందే తెలుసా?"

"నాలుగేండ్లు నీ ముందల నిలవడ్డ బిడ్డా. నీ గొంతు నా చెవుల్నే ఉంటది. తెల్వకపోతదా?"

"మరి ఏంటికి నీదని చెప్పినావు పెద్దమ్మా?"

"నీకు నాలుగు చరణాలు ఇచ్చిండు గద సారు. ఆ వారం నీ మొకం జూసిన, చిన్నపిల్ల లెక్క ఉండె. నాకెట్లైనా పైకి అందుతలేదు, పరీక్షల ఎట్లైనా బయటపడుతది. ఏదో ఒగటి ముందుగాల నేనే చెప్పిన. ఏమైతదిలే అనుకున్న."

"మరి సారు తీసేసి ఉంటే?"

ఆవిడ డబ్బా మూత తీసింది.

"ఏడ్సేదాన్ని" అంది. "మస్తు ఏడ్సేదాన్ని."

నేను కారు పక్కకు తీసి ఆపాను. ఆవిడ ఎప్పటిలాగే ఒక ముక్క విరిచి నా నోట్లో పెట్టింది.

"గొంతుది కాదు నీ రోగం. నువ్వు ఊపిరి పీల్వవు. ఏడో లెక్కకు లోపల గాలి అయిపోతది, అయినా ఇడువవు, మొండిదానివి. ఎంతమంది ఊపిరి లెక్కవెట్టిన నేను! ఒక్క ఊపిరితోని ఎవరు బతుకుతరు చెప్పు? పక్కనున్నోళ్లు ఎందుకున్నరు?"

ఆ సాయంత్రం క్లబ్‌హౌస్‌లో కూర్చోకముందే పాత షీటు తెరిచాను. పెద్దమ్మ టెనర్లలో చేరాక పదిహేడో నంబరు ఎదురుగా సరిచేసి మూసేశామని రాసుకున్నది చెరిపి, దాన్ని మళ్లీ తెరిచాను. ఎవరిది అన్నచోట నా పేరు రాశాను. వయసు గురించి రాసిన మాటను మాత్రం తీయలేదు, ఉండనీ. రెండు నిమిషాల్లో బేస్ వాళ్ల జవాబు వచ్చింది: "ఇది తప్పు కాదు. డిజైనే అంత." గదంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా మూడో వరుస నవ్వింది.

సారు ఆ లాటిన్ పాటే మొదలుపెట్టించారు. పొడుగు స్వరం వచ్చింది. ఒకటి, రెండు, మూడు. అలవాటుగా బిగపట్టాను. ఆరో లెక్కకు వెనక నుంచి నా వీపులో ఒక వేలు గుచ్చుకుంది.

పాట ఆపి ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఖాళీలో పక్కవాళ్లు పాడుతూనే ఉన్నారు, ఏదీ తెగలేదు. మళ్లీ అందుకున్నాను. పన్నెండో లెక్క దాకా స్వరం జారలేదు.